మన టీమ్ సరే, రెండో టీమ్ ఏది?

#1 తొంభైమూడో_నిమిషం | మాంచెస్టర్ యునైటెడ్

రోజూ మన మన టీమ్‌ల గురించే కొట్టుకుంటున్నాం, ఇవాళ కాస్త వేరేది మాట్లాడుకుందాం. మీ టీమ్ కాకుండా, గెలిచిందని తెలిస్తే లోపల ఓ చిన్న సంతోషం కలిగే టీమ్ ఇంకొకటి ఉంటుంది కదా. అది ఏది? ఎలా అంటుకుంది?

రూల్స్ రెండే. మా శత్రువుని ఎవరు ఓడిస్తే వాళ్లే మా రెండో టీమ్ అన్న సమాధానం చెల్లదు. రియల్ మాడ్రిడ్ పేరు కూడా చెల్లదు. పదిహేను యూరోపియన్ కప్పులు ఇంట్లో పెట్టుకున్నవాళ్లకి మన అభిమానంతో పనేముంది.

నాది అథ్లెటిక్ బిల్బావో. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతం వాళ్లది. ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లో, అక్కడ ఆట నేర్చుకున్నవాళ్లో తప్ప ఇంకెవరూ ఆ చొక్కా వేసుకోరు. వందేళ్లకు పైగా అదే పట్టు. డబ్బుంటే ఏ ఖండం నుంచైనా ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చన్న కాలంలో వీళ్లు ఇంకా చుట్టుపక్కల ఊళ్లలోనే వెతుక్కుంటున్నారు. అయినా 1929లో లా లీగా మొదలైనప్పటి నుంచి ఒక్కసారి కూడా కింది డివిజన్‌కి పడలేదు. ఆ మాట చెప్పుకోగలిగినవాళ్లు ఇంకా ఇద్దరే ఉన్నారు, రియల్, బార్సిలోనా.

నాకు ఎక్కడ అంటుకుందంటే ఓటముల దగ్గర. 1984 తర్వాత చాలా ఏళ్లు వీళ్లకి స్పెయిన్ కప్పు, అదే కోపా డెల్ రే, రాలేదు. 2009, 2012, 2015 ఫైనల్స్ మూడూ బార్సిలోనా చేతిలోనే పోయాయి. 2021లో అయితే రెండు వారాల తేడాతో రెండు ఫైనల్స్ ఆడి రెండూ ఓడిపోయారు. (కోవిడ్ వల్ల అంతకుముందు ఏడాది ఫైనల్ వాయిదా పడి అప్పుడు జరిగింది.) 2024లో మయోర్కా మీద పెనాల్టీల్లో గెలిచాక ఏం చేశారో తెలుసా? గబార్రా అని ఓ పాత సరుకుల పడవ ఉంది. 1984లో కప్పు ఊరేగించింది అందులోనే. నలభై ఏళ్ల తర్వాత దాన్ని మళ్లీ నదిలోకి దింపారు. ఆటగాళ్లు పడవ మీద, లక్షల మంది రెండు గట్ల మీద. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నా టీమ్ గెలిచిన ఫైనల్స్ కూడా అన్నిసార్లు చూడలేదు.

మీవి చెప్పండి.

#2 కాప్_ఎండ్ | లివర్‌పూల్

మంచి టాపిక్ అన్నా. నాది డోర్ట్‌మండ్, ఆలోచించే పనే లేదు. కోచ్ క్లాప్ అక్కడి నుంచి మాకొచ్చాడు కాబట్టి చుట్టరికం ముందే కుదిరింది. పైగా మ్యాచ్‌కి ముందు రెండు స్టేడియాల్లోనూ పాడే పాట ఒకటే.

ఇప్పుడు అసలు విషయం. 2016 ఏప్రిల్ 14, ఆన్‌ఫీల్డ్, యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో లెగ్. మొదటిది 1-1, రెండు మ్యాచ్‌ల స్కోరూ కలిపి చూస్తారు. ఇక్కడ తొమ్మిది నిమిషాలు గడిచేసరికి డోర్ట్‌మండ్ 2-0. ఒరిగీ ఒకటి కొట్టాడు అనుకునేలోపే రాయిస్ మూడోది వేశాడు. ఇక మాకు మూడు గోల్స్ కావాలి. కుటీన్యో కొట్టాడు, సాకో కొట్టాడు, 91వ నిమిషంలో లోవ్రెన్ హెడర్. 4-3. నేను అరుస్తూ గాల్లోకి ఎగిరాను. కిందికి దిగాక కెమెరా పసుపు చొక్కాల వైపు తిరిగింది. ఒకడు తల మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడు తెలిసింది, వీళ్ల మీద నాకు ఉన్నది మామూలు ఇష్టం కాదని. గెలిచిన రాత్రి ఓడినవాళ్ల గురించి ఆలోచించడం నాకు అదే మొదలు, అదే చివర.

ఆ తర్వాత 2023 మే 27. ఇంట్లో మైంజ్‌ని ఓడిస్తే పదకొండేళ్ల తర్వాత లీగ్. ఓ పెనాల్టీ పోగొట్టుకున్నారు, 2-2 డ్రా అయింది. అటు కొలోన్‌లో 89వ నిమిషంలో ముసియాలా గోల్, కప్పు మళ్లీ బాయర్న్‌కే. పాతికవేల మంది నిలబడి చూసే ఆ గ్యాలరీ ముందు కోచ్ టెర్జిచ్ ఏడుస్తూ నిలబడ్డాడు.

#3 గోడమీద_పిల్లి | బాయర్న్ మ్యూనిక్

89వ నిమిషం గుర్తు చేసినందుకు థాంక్స్ కాప్ బ్రో. చాలా బాగా గుర్తుంది.

#4 కాప్_ఎండ్ | లివర్‌పూల్

నీ పేరుకి తగ్గట్టే ఉన్నావు.

#5 ఒక్కటే_జెండా | (టీమ్ పెట్టలేదు)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం తక్కువ. ఈ రెండో టీమ్ అన్న మాట నాకు మొదటి నుంచీ నచ్చదు. టీమ్ అంటే ఒక్కటే. ఓడితే రాత్రి నిద్ర పట్టదు, మర్నాడు ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. మీరు చెప్పే రెండో టీమ్ ఓడితే ఏమవుతుంది? అయ్యో అనుకుని చానల్ మారుస్తారు. గెలిస్తే మాత్రం పండగలో మీరూ ఉంటారు. నొప్పి లేకుండా సంతోషం మాత్రమే తీసుకోవడం అది. దాన్ని నేను అభిమానం అనను.

#6 తొంభైమూడో_నిమిషం | మాంచెస్టర్ యునైటెడ్

మాస్టారూ, నొప్పి లేదని ఎవరన్నారు? నా కథ సగమే చెప్పాను. మిగతా సగం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండి ఆగాను.

2025లో యూరోపా లీగ్ ఫైనల్ బిల్బావో సొంత స్టేడియం సాన్ మమేస్‌లోనే పెట్టారు. అథ్లెటిక్ సెమీస్‌కి వచ్చింది. ఇంకో మెట్టెక్కితే సొంతింట్లో యూరోపియన్ ఫైనల్. ఆ మెట్టు మీద కూర్చున్నది ఎవరు? మేమే. మే 1, మొదటి లెగ్, అదే సాన్ మమేస్. మొదటి ఇరవై నిమిషాలు వాళ్లు మమ్మల్ని ఊపిరి పీల్చుకోనివ్వలేదు. తర్వాత కాసెమిరో హెడర్. ఆ వెంటనే వివియన్ హోయ్‌లుండ్‌ని లాగాడు, పెనాల్టీ, రెడ్ కార్డ్. బ్రూనో రెండు కొట్టాడు. హాఫ్ టైమ్‌కే 3-0. ఆ సీజన్ మొత్తంలో మేం అంత శుభ్రంగా ఆడిన రోజు ఇంకొకటి లేదు, అది వీళ్ల మీదే రావాలా? రెండో లెగ్ 4-1.

సరే, వాళ్ల కల చెడగొట్టి వాళ్లింటికే ఫైనల్‌కి వెళ్లాం. వెళ్లి ఏం చేశాం? స్పర్స్ (టోటెన్‌హమ్) చేతిలో 1-0. స్పర్స్ చేతిలో!

#7 సగం_గ్లాసు | టోటెన్‌హమ్

నన్నెవరో పిలిచినట్టున్నారు.

#8 గన్నర్_49 | ఆర్సెనల్

వచ్చాడు. లీగ్‌లో పదిహేడో స్థానంలో ఉండి కప్పెత్తినవాడు.

#9 సగం_గ్లాసు | టోటెన్‌హమ్

ఎత్తానుగా. పదిహేడేళ్ల తర్వాత ఎత్తాను. ఆ రాత్రి హోయ్‌లుండ్ హెడర్ గోల్ లైన్ దాటబోతుంటే వాన్ డి వెన్ వెనక్కి పడుతూ గాల్లో కాలితో తన్నేశాడు చూడు, ఆ ఒక్క ఫోటో చాలు నాకు ఇంకో పదిహేడేళ్లకి.

టాపిక్‌కి వస్తా. నాకూ అదే సీజన్‌లో, అదే సెమీస్‌లో, యునైటెడ్ అన్నకి జరిగిందే జరిగింది. నా రెండో టీమ్ బోడో గ్లిమ్ట్. నార్వేలో ఆర్కిటిక్ వలయానికి పైన ఉండే ఓ చిన్న పట్టణం. స్టేడియంలో ఎనిమిది వేల మందికి మించి పట్టరు. చలికి గడ్డి బతకదని కృత్రిమ మైదానం వేసుకున్నారు. అభిమానులు పెద్ద పెద్ద పసుపు టూత్‌బ్రష్‌లు ఊపుతారు. నిజం, టూత్‌బ్రష్‌లే. ఎప్పుడో డెబ్బైల నుంచీ ఉన్న అలవాటు.

నేను చూడ్డం మొదలుపెట్టింది 2021 అక్టోబర్ 21 నుంచి. ఆ రాత్రి రోమాని 6-1తో కొట్టారు. రోమా కోచ్ మొరీన్యో. మా దగ్గర్నుంచి పంపించేసి ఆర్నెల్లయింది అంతే, కాబట్టి నాకెంత ఆనందంగా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ముందు ఆ ఆనందం కోసమే చూశా. తర్వాత వీళ్లెవరా అని వెతికితే దొరికింది అసలు కథ. 2016లో రెండో డివిజన్‌కి పడిపోయారు. 2017లో మానసికంగా తర్ఫీదు ఇవ్వడానికి ఒకాయన్ని తెచ్చుకున్నారు. బ్యోర్న్ మాన్స్‌వెర్క్, యుద్ధ విమానాలు నడిపిన మాజీ పైలట్. స్కోరు గురించి ఆలోచించొద్దు, చేస్తున్న పని మీద ఉండండి అన్నది ఆయన పాఠం. గోల్ పడితే ఆటగాళ్లంతా గుండ్రంగా చేరి మాట్లాడుకుంటారు, చూసే ఉంటారు. 2020లో మొదటిసారి నార్వే చాంపియన్లు అయ్యారు.

2025 ఏప్రిల్‌లో లాజియోని పెనాల్టీల్లో ఓడించి సెమీస్‌కి వచ్చారు. యూరోపియన్ కప్పు ఏదైనా సరే, సెమీస్‌కి వచ్చిన మొదటి నార్వే క్లబ్ అది. ఎదురుగా మేము. ఇంట్లో 3-0తో గెలుస్తూ ఉండగా 83వ నిమిషంలో సాల్ట్‌నెస్ ఒకటి కొట్టాడు. నా నోట్లోంచి "భలే" అని వచ్చేసింది! పక్కన కూర్చున్న మా అన్నయ్య చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అక్కడికెళ్లి 2-0తో గెలిచాం. సంతోషించానా అంటే, చాలా సంతోషించాను. అబద్ధం ఎందుకు.

#10 గోడమీద_పిల్లి | బాయర్న్ మ్యూనిక్

చూశారా జెండా గారూ, ఇద్దరూ ఒకే మాట చెప్తున్నారు. రెండో టీమ్ వేరేవాళ్లతో ఓడితే అయ్యో, మనతో ఓడితే ఆహా.

#11 ఒక్కటే_జెండా | (టీమ్ పెట్టలేదు)

అదే కదా నేను మొదట్నుంచీ అంటున్నది. అవసరం వచ్చినప్పుడు వదిలేసేదాన్ని టీమ్ అని ఎలా అంటారు?

#12 రైట్_వింగ్ | బార్సిలోనా

అందరూ మనతో ఆడినప్పుడు, మనతో ఆడినప్పుడు అంటున్నారు. నా రెండో టీమ్‌తో మేం ఆడే పరిస్థితే రాదు. అట్లెటికో నాసియోనాల్, కొలంబియా క్లబ్, మెదెయిన్ వాళ్లు. 2016 నవంబర్ చివర్లో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు కోపా సుడామెరికానా ఫైనల్. ప్రత్యర్థి బ్రెజిల్ నుంచి వస్తున్న చిన్న క్లబ్ షాపెకోయెన్సే. ఆ ఫైనల్‌కి వస్తుండగానే మెదెయిన్ దగ్గర కొండల్లో విమానం కూలింది. 71 మంది పోయారు.

ఇక మ్యాచ్ ఎక్కడిది. నాసియోనాల్ వాళ్లు సమాఖ్యకి రాశారు, కప్పు వాళ్లకే ఇవ్వండి అని. ఇచ్చారు. మ్యాచ్ మొదలవ్వాల్సిన వేళకి మెదెయిన్ స్టేడియం నిండిపోయింది. తెల్ల బట్టలు, కొవ్వొత్తులు. వాళ్లు పాడింది ఎదుటి టీమ్ పేరు. ఆ ఏడాది కోపా లిబర్తదోరెస్ కూడా నాసియోనాల్ గెలిచింది, కానీ నాకు వాళ్లు గుర్తుండేది ఆడని ఫైనల్‌తోనే.

2017 ఆగస్టులో మేం షాపెకోయెన్సేని పిలిచి క్యాంప్ నౌలో ఆడాం. ప్రమాదంలో బతికిన అలన్ రషెల్ ఆ రోజు మళ్లీ మైదానంలోకి దిగాడు. స్కోరు 5-0 అనుకుంటా, ఎవరికి కావాలి.

#13 తొంభైమూడో_నిమిషం | మాంచెస్టర్ యునైటెడ్

అక్కా, మ్యూనిక్ 1958 విమాన ప్రమాదం మా క్లబ్ కథలో భాగం. ఈ పోస్టు చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

#14 పాతకాపు | బ్రెజిల్

క్లబ్బులే కావాలా, దేశాలు పనికొస్తాయా? మా రోజుల్లో క్లబ్ మ్యాచ్‌లు చూసే వీలే లేదు. నాలుగేళ్లకోసారి ప్రపంచకప్ ఒక్కటే దిక్కు.

పనికొస్తాయంటే నాది కామెరూన్. 1990 జూన్ 8, మిలాన్, మొదటి మ్యాచ్. ఎదురుగా ప్రపంచ చాంపియన్ అర్జెంటీనా, మరడోనా. కామెరూన్‌లో ఒకడికి రెడ్ కార్డ్. పదిమందితో ఆడుతూ ఒమాం బియిక్ హెడర్, గోల్‌కీపర్ చేతుల్లోంచి జారి లోపలికి. చివర్లో అర్జెంటీనా కనిజియా పరిగెడుతూ ఒకణ్ణి తప్పించుకున్నాడు, ఇంకొకణ్ణి తప్పించుకున్నాడు, మూడోవాడు మాసింగ్ వచ్చి గుద్దిన గుద్దుకి మాసింగ్ బూటే ఊడి ఎగిరిపోయింది. వాడికీ రెడ్ కార్డ్. తొమ్మిది మంది మిగిలారు. అయినా 1-0. నేను బ్రెజిల్ వాణ్ణి కాబట్టి అర్జెంటీనా ఓడిందని నవ్వుతూ మొదలెట్టాను. టోర్నమెంట్ అయ్యేసరికి బ్రెజిల్ కంటే వీళ్ల మ్యాచ్ కోసం ఎక్కువ ఎదురుచూశాను.

రోజే మిల్లా గురించి చెప్పకుండా ఎలా. ముప్పై ఎనిమిదేళ్లు. సబ్‌స్టిట్యూట్‌గా వస్తాడు, గోల్ కొడతాడు, మూలనున్న జెండా దగ్గరికెళ్లి నడుమూపుతాడు. కొలంబియా గోల్‌కీపర్ హిగీతా గోల్ వదిలి ముందుకొచ్చి బంతితో ఆటలాడుతుంటే, మిల్లా కాళ్ల దగ్గర నుంచి ఎగరేసుకుపోయిన తీరు చూడాలి, దొంగ కూడా అంత మర్యాదగా ఎత్తుకుపోడు. క్వార్టర్స్‌లో ఇంగ్లండ్ మీద 83వ నిమిషం దాకా 2-1తో ముందున్నారు. లినేకర్ రెండు పెనాల్టీలు. 3-2. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు నాయనా జెండా. రెండో టీమే అది.

#15 ఒక్కటే_జెండా | (టీమ్ పెట్టలేదు)

మీరు పెద్దవారు, మీతో వాదించను. 1990 కామెరూన్‌కి మినహాయింపు ఇస్తున్నాను.

#16 గన్నర్_49 | ఆర్సెనల్

ఓ, మినహాయింపులు ఇస్తారన్నమాట. 😀

నాది ఫ్రాన్స్ క్లబ్ మార్సెయి. ఇది పూర్తిగా లోన్ వల్ల, అంటే ఆటగాణ్ణి ఇంకో క్లబ్‌కి అరువివ్వడం వల్ల, పుట్టిన ప్రేమ. సలిబాని 2019లో కొన్నాం, మూడేళ్లు మా చొక్కా వేసుకుని ఒక్క లీగ్ మ్యాచ్ ఆడలేదు. 2021-22లో మార్సెయికి లోన్‌కి పంపారు. మా కుర్రాడు ఎలా ఆడుతున్నాడో చూద్దామని శనాదివారాలు మార్సెయి మ్యాచ్‌లు పెట్టేవాణ్ణి. మొదట్లో సలిబాని మాత్రమే చూసేవాణ్ణి, బంతి అవతలి పక్కకి పోతే ఫోన్ చూసుకునేవాణ్ణి. నవంబర్ వచ్చేసరికి పాయెట్ ఫ్రీకిక్ తీసుకుంటుంటే నిలబడుతున్నాను. ఆ వెలోడ్రోమ్ స్టేడియం గోల చూశారా? కోచ్ సంపావోలి పిచ్చోడిలా గీతపక్క అటూ ఇటూ పచార్లు. లీగ్‌లో రెండోస్థానం వచ్చింది. సలిబాకి ఆ ఏడాది ఫ్రాన్స్‌లో ఉత్తమ యువ ఆటగాడి అవార్డు. తర్వాత సలిబా మాకొచ్చేశాడు, నేను మాత్రం అక్కడే ఉండిపోయాను.

2025లో పారిస్ వాళ్లు చాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు (సెమీస్‌లో మమ్మల్ని ఓడించే వెళ్లారు) మార్సెయి అభిమానుల బాధ నాకు రెండు వైపులనుంచీ తగిలింది. అంతదాకా ఆ కప్పు ఉన్న ఫ్రెంచ్ క్లబ్ వాళ్లదొక్కటే, 1993ది.

#17 సగం_గ్లాసు | టోటెన్‌హమ్

గన్నర్ అసలు రెండో టీమ్ పేరు దాస్తున్నాడు. 2024 మే 14న ఎవరి చొక్కా వేసుకున్నావో చెప్పు.

#18 గన్నర్_49 | ఆర్సెనల్

చెప్తా, నాకేం సిగ్గు. ఆ రాత్రి స్పర్స్, మాంచెస్టర్ సిటీ మ్యాచ్. సిటీ పాయింట్లు పోగొట్టుకుంటేనే మాకు లీగ్ ఆశ. జన్మలో మొదటిసారి తెల్ల చొక్కాల్ని పట్టుకుని దేవుడా అన్నాను. సిటీ ఒక గోల్ ముందుంది. 86వ నిమిషంలో సన్ ఒక్కడే, ముందు గోల్‌కీపర్ ఒర్తెగా ఒక్కడే. సన్ ఎన్ని వందలసార్లు అలాంటివి కొట్టాడు! ఒర్తెగా కాలు అడ్డం పెట్టాడు. అయిపోయింది. ఆ వెంటనే హాలండ్ పెనాల్టీ, 2-0.

మరి స్టేడియంలో నీవాళ్లు ఏం చేస్తున్నారు? సొంత టీమ్ ఓడుతుంటే పాటలు పాడుతున్నారు, ఆర్సెనల్ వాళ్లు చూస్తున్నారా అని. మీ కోచ్ పోస్టెకోగ్లూ మొహం ఎర్రగా చేసుకున్నాడు. ఒక్కటే జెండా గారూ, దీనికేమంటారు? సొంత టీమ్ ఓడిపోవాలని కోరుకున్నవాళ్లకి అసలు మొదటి టీమ్ ఉన్నట్టా లేనట్టా?

#19 సగం_గ్లాసు | టోటెన్‌హమ్

నేను పాడలేదు. మౌనంగా నవ్వుకున్నాను, అంతే. మీకు ఇరవై ఏళ్లు లీగ్ రాకుండా

#20 మోడరేటర్

ఇద్దరూ ఆపండి. ఉత్తర లండన్ కొట్లాటకి వేరే థ్రెడ్ ఉంది, నిన్నటి నుంచి ఖాళీగానే ఉంది. #19 సగంలో కట్ చేసింది నేనే.

#21 గోడమీద_పిల్లి | బాయర్న్ మ్యూనిక్

నా వంతు. బాయర్న్ వాడికి రెండో టీమ్ కావాల్సిందే, లేకపోతే ప్రతి మే నెలలోనూ ఒకే సినిమా. నాది యూనియన్ బెర్లిన్. 2004లో క్లబ్ దివాలా అంచున ఉంటే అభిమానులు వరసగా వెళ్లి రక్తదానం చేశారు. ఇచ్చినందుకు వచ్చే డబ్బు క్లబ్‌కి ఇచ్చారు. 2008లో స్టేడియం బాగుచేయడానికి డబ్బుల్లేవంటే రెండు వేలమందికి పైగా పనిలోకి దిగారు. 1,40,000 గంటల పని, జీతం లేకుండా. సిమెంటు కలిపినవాడు, మెట్లు వేసినవాడు తర్వాత అదే మెట్ల మీద నిలబడి మ్యాచ్ చూస్తాడు. నువ్వే పోసుకున్న మెట్టు మీద నిలబడి చూడ్డం ఎలా ఉంటుందో అని నేను చాలాసార్లు అనుకుంటాను. ఇలాంటిది మా క్లబ్‌లో ఊహించలేను. మా స్టేడియంలో అన్నీ శుభ్రంగా వెలుగుతుంటాయి.

2019లో మొదటిసారి బుండెస్‌లిగాకి, 2023లో చాంపియన్స్ లీగ్‌కి. మొదటి మ్యాచే రియల్ మాడ్రిడ్ ఇల్లు బెర్నబ్యూలో. 93 నిమిషాలు 0-0 పట్టుకున్నారు. 94లో బెల్లింగమ్ గోల్. నేను రిమోట్ విసిరేశాను. బాయర్న్ ఓడినప్పుడు ఎన్నడూ విసరలేదు.

లైప్‌జిగ్ పేరెత్తేవాళ్లకి ముందే చెప్తున్నా, 2014లో వాళ్లు యూనియన్ ఇంటికి వస్తే స్టేడియం మొత్తం నల్ల రెయిన్‌కోట్లు వేసుకుని మొదటి పదిహేను నిమిషాలు నోరు మెదపలేదు. జర్మనీలో క్లబ్ ఓట్లలో సగం పైన సభ్యుల చేతుల్లో ఉండాలన్నది రూల్. లైప్‌జిగ్ ఆ రూల్‌ని కాగితం మీద పాటించి, ఓటు వేసే సభ్యుల్ని వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే పెట్టుకుంది. అందుకు ఆ మౌనం.

#22 కాప్_ఎండ్ | లివర్‌పూల్

నీ మీద అభిప్రాయం మార్చుకున్నా పిల్లీ. రిమోట్ విసిరినవాడు గోడ దిగినట్టే.

#23 రైట్_వింగ్ | బార్సిలోనా

అభిమానులే కట్టుకున్నది అంటే వింబుల్డన్ కూడా. అసలు క్లబ్‌ని 2003లో మిల్టన్ కీన్స్‌కి తరలించేశారు. అలా జరగబోతోందని తెలిసి 2002లోనే అభిమానులు కొత్త క్లబ్ పెట్టుకున్నారు. ఆటగాళ్లు లేరు, పార్కులో సెలక్షన్ పెట్టారు. తొమ్మిదో డివిజన్ నుంచి మొదలుపెట్టి తొమ్మిదేళ్లలో ప్రొఫెషనల్ లీగ్‌కి వచ్చేశారు. 2020లో పాత స్టేడియం ఉన్న వీధికే తిరిగొచ్చారు. ఎవరైనా వీళ్లని పెట్టుకోలేదంటే ఆశ్చర్యంగా ఉంది.

#24 సగం_గ్లాసు | టోటెన్‌హమ్

మరి రెక్సమ్? సినిమా హీరోలు కొన్నారుగా, 2023, 2024, 2025 వరసగా మూడు ప్రమోషన్లు. ఒప్పుకోవడానికి అందరూ మొహమాటపడుతున్నారు గానీ సగం మంది చూస్తున్నారు.

#25 పాతకాపు | బ్రెజిల్

నాయనా, దాన్ని సీరియల్ చూడ్డం అంటారు.

#26 తొంభైమూడో_నిమిషం | మాంచెస్టర్ యునైటెడ్

ఎవరూ అనడం లేదేంటి, లెస్టర్ సిటీ? 2015-16లో నేను వాళ్ల మ్యాచ్ ఒక్కటీ వదల్లేదు. లీగ్ గెలుస్తారన్నదానికి ఐదు వేలకి ఒకటి పందెం, అయినా గెలిచారు. వార్డీ వరసగా 11 లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ కొట్టాడు, అందులో పదకొండోది మా మీదే, అయినా చప్పట్లు కొట్టాను. కోచ్ రనియేరి నవ్వు, కాంటే పరుగు, మహ్రేజ్ ఎడమ కాలు. ఆ ఏడాది లోకం మొత్తానికి రెండో టీమ్ అదే కదా.

#27 ఒక్కటే_జెండా | (టీమ్ పెట్టలేదు)

ఈ పేరు ఎప్పుడొస్తుందా అని #1 నుంచి చూస్తున్నాను.

నేను లెస్టర్ వాణ్ణి. పేరు పక్కన పెట్టకపోవడానికి కారణం ఉంది. పెడితే ప్రతి ఒక్కరూ ఒకే మాట అంటారు, "ఓ, 2016! ఏం సీజన్ బ్రో, నేనూ మీకే సపోర్ట్". అవును, తెలుసు. ఆ మే నెలలో అందరూ మావాళ్లే. ఇంట్లో పెళ్లి జరిగితే వచ్చినంతమంది.

2018 అక్టోబర్‌లో మా ఓనర్ విచాయ్ హెలికాప్టర్ స్టేడియం పక్కనే కూలింది. అప్పుడూ వచ్చారు, కాదనను, మంచి మాటలు రాశారు. 2021లో తీలెమాన్స్ అంత దూరం నుంచి కొట్టి ఎఫ్‌ఏ కప్ తెచ్చాడు. అప్పటికి సగం మంది మిగిలారు. 2023 మే 28, చివరి రోజు. మేం వెస్ట్ హామ్‌ని 2-1తో ఓడించాం. మైదానం చుట్టూ అందరూ ఫోన్లు చూస్తున్నారు, ఎవర్టన్ స్కోరు కోసం. ఎవర్టన్ 1-0. గెలిచి కింది డివిజన్‌కి పడిపోయాం. ఆ రాత్రి ఈ వేదికలో మా గురించి ఒక్క థ్రెడ్ లేదు. బదిలీల గురించి ఉంది, మాడిసన్ ఎవరికి వస్తాడు, బార్న్స్ ఎవరికి వస్తాడు అని. రెండో టీమ్ అని చెప్పుకున్నవాళ్లే అడుగుతున్నారు.

2024లో మళ్లీ పైకొచ్చాం. 2024-25లో ఇంట్లో వరసగా తొమ్మిది లీగ్ మ్యాచ్‌లు ఒక్క గోల్ కూడా లేకుండా ఓడాం. తొమ్మిది! తొమ్మిదోది లివర్‌పూల్‌తో, ఆ రోజే రెలిగేషన్ ఖాయమైంది. మీరంతా రాసిన ప్రేమకథలు చదివాను, బాగున్నాయి. నేను అవతలి గట్టు మీద ఉన్నవాణ్ణి. ఇంకొకరి రెండో టీమ్‌గా ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి నేను ఎవరికీ అలా చేయదల్చుకోలేదు.

#28 కాప్_ఎండ్ | లివర్‌పూల్

ఆ తొమ్మిదో మ్యాచ్ చూశాను. ట్రెంట్ గోల్ కొట్టి చొక్కా విప్పి పరిగెట్టడమే గుర్తుంది. అవతల ఓ టీమ్ కింది డివిజన్‌కి పోతోందన్నది తర్వాత వార్తల్లో చదివాను. మీరన్నది నిజమే.

#29 తొంభైమూడో_నిమిషం | మాంచెస్టర్ యునైటెడ్

మాస్టారూ, మాడిసన్ థ్రెడ్ మొదలుపెట్టింది నేనే. ఇప్పుడే వెతికి చూసుకున్నాను. తేదీ చూసి తల వంచుకున్నాను.

#30 సగం_గ్లాసు | టోటెన్‌హమ్

మాడిసన్ మాకే వచ్చాడు, కాబట్టి నేను మాట్లాడకూడదు. కానీ ఒక్కటి. లోకం మొత్తం మీవైపు ఉన్నప్పుడు ఎదురుగా నిలబడ్డది మేము. 2016 మే 2, చెల్సీ ఇంట్లో. మేం గెలిస్తే మీ కప్పు ఇంకొన్నాళ్లు ఆగుతుంది. కేన్, సన్, హాఫ్ టైమ్‌కి 2-0. ఆ రాత్రి స్పర్స్ గెలవాలని కోరుకున్నవాళ్లు భూమ్మీద మేం తప్ప ఎవరూ లేరు. కేహిల్ ఒకటి, హజార్డ్ ఒకటి, 2-2. మాకు తొమ్మిది పసుపు కార్డులు. వార్డీ ఇంట్లో మీ ఆటగాళ్లంతా గెంతులేస్తున్న వీడియో మొట్టమొదట నాకు పంపింది మా అన్నయ్యే.

ఆ రాత్రి నుంచి మీరంటే నాకు మంట. 2023లో మీరు పడిపోయినప్పుడు ఆ మంట లేదు. ఎప్పుడు పోయిందో తెలీదు.

#31 ఒక్కటే_జెండా | (టీమ్ పెట్టలేదు)

అభిమానుల కంటే మీరే నయం అనిపిస్తోంది. మంట అయినా ఏడేళ్లు మా గురించి ఆలోచించారు.

#32 పాతకాపు | బ్రెజిల్

జెండా నాయనా, నీ బాధ న్యాయమే. కానీ కామెరూన్ 1994లో రష్యా చేతిలో 6-1 ఓడినప్పుడు కూడా నేను చూశాను. అందులో ఆ ఒక్క గోల్ ఎవరిదనుకున్నావు? నలభై రెండేళ్ల మిల్లాది. అందరూ పెళ్లికొచ్చి వెళ్లిపోయేవాళ్లే కాదు.

#33 రైట్_వింగ్ | బార్సిలోనా

జెండా గారూ, ఓ ప్రశ్న. వార్డీ 2025లో వెళ్లిపోయాడు కదా. 500వ మ్యాచ్‌లో 200వ గోల్ కొట్టి మరీ. తర్వాత ఇటలీ క్లబ్ క్రెమొనీసేలో చేరాడు. అతన్ని చూడ్డం కూడా మానేశారా?

#34 ఒక్కటే_జెండా | (టీమ్ పెట్టలేదు)

వార్డీ ఆడితే చూస్తాను. అది వార్డీ కోసం. టీమ్‌తో నాకు సంబంధం లేదు.

#35 గన్నర్_49 | ఆర్సెనల్

నేనూ సలిబా కోసమే అనుకున్నా మాస్టారూ.

#36 గోడమీద_పిల్లి | బాయర్న్ మ్యూనిక్

జెండా గారూ, ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లో క్రెమొనీసే శాన్ సిరోకి వెళ్లి ఏసీ మిలాన్‌ని ఓడించిందట కదా. స్కోరెంతో గుర్తు రావట్లేదు.

#37 ఒక్కటే_జెండా | (టీమ్ పెట్టలేదు)

2-1. బాస్కిరోట్టో హెడర్, తర్వాత బొనాజోలి బైసికిల్ కిక్. ఆ రెండోది తప్పకుండా చూడండి, గాల్లో అడ్డంగా పడుకుని కొట్టాడు.

#38 గోడమీద_పిల్లి | బాయర్న్ మ్యూనిక్

అది ఆగస్టు 23. వార్డీ సంతకం పెట్టింది సెప్టెంబర్ 1న.

#39 ఒక్కటే_జెండా | (టీమ్ పెట్టలేదు)

హైలైట్స్ చూశాను. తర్వాత.

#40 సగం_గ్లాసు | టోటెన్‌హమ్

ఎన్నిసార్లు?